బొద్దుగా, ముందుకు వాలి: ఒక అక్షర రూపం గురించి

అందరికీ నమస్కారం.

తెర మీద ఒకే మాట నాలుగు రూపాల్లో ఉంది. మొదటిది మామూలుగా, నిటారుగా ఉంది. రెండోది అదే మందంతో కుడివైపు వాలింది. మూడోది నిటారుగానే ఉంది గాని లావెక్కింది. నాలుగోది లావుగానూ ఉంది, వాలుగానూ ఉంది. అక్షరాల కొసలకు అడ్డగీతలు లేని కుటుంబంలో, అంటే సాన్స్ సెరిఫ్‌లో, బోల్డ్ ఇటాలిక్ అన్నమాట. ఈ సాయంత్రం ఆ నాలుగోదాని గురించే మాట్లాడతాను. కంప్యూటర్‌లో రెండు మీటలు నొక్కితే వచ్చేదాని మీద ఇంతసేపు ప్రసంగం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ రెండు మీటల మీద నాకు ఫిర్యాదు ఉంది. అదీ చెబుతాను.

నా వాదన ముందే మీ ముందు పెడతాను. ఈ అక్షరం ఏం చెబుతుందన్నది దాని పక్కన ఎవరున్నారన్న దానిమీద ఆధారపడుతుంది. పక్కన నిటారు అక్షరాలుంటే 'నేను వేరు' అంటుంది. ఒంటరిగా నిలబెడితే 'నేను వెళుతున్నాను' అంటుంది. ఆకారం ఒకటే, పనులు రెండు. దీన్ని చెడగొట్టిన పేజీలను గమనించండి. చాలా చోట్ల ఒక పని కావలసినప్పుడు రెండో పని చేయించబోయారని తెలిసిపోతుంది. గణితంలో దీనికి మూడో పని ఒకటి ఉంది. అక్కడికి కాసేపట్లో వెళదాం.

బొద్దు, వాలు, అడ్డగీతలు లేకపోవడం అనే ఈ మూడు గుణాలు ఒకే రోజున ఒకే చోట పుట్టలేదు. మూడింటిలో వాలు వయసులో పెద్దది. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఈ టైపును చెక్కాడు. 1501లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వేసినప్పుడు, పుస్తకమంతా వాలు అక్షరాల్లోనే ఉంది. ఆ కాలపు పండితుల చేతిరాతకు అది అచ్చు రూపం. ఒక మాటను నొక్కి చెప్పాలన్న ఆలోచన అందులో లేనే లేదు. పైగా పెద్ద అక్షరాలు, అంటే క్యాపిటల్స్, నిటారుగా ఉండేవి, చిన్నవి మాత్రమే వాలేవి. నిటారు టైపు మధ్యలో ఒక మాటను వేరుచేసి చూపే ఉద్యోగం దానికి తరువాత దొరికింది.

అడ్డగీతలు లేని అచ్చు టైపు 1816లో లండన్‌లో కనిపించింది. నాలుగో విలియం కాస్లాన్ తన నమూనా పుస్తకంలో ఒక వరుస చూపించాడు. అన్నీ పెద్ద అక్షరాలే, చిన్నవి లేవు. ఇక బొద్దు అక్షరాలు పోస్టర్లలో అంతకుముందే ఉన్నా, మామూలు వాక్యం మధ్యలో ఒక మాటను నల్లగా చూపడానికి తోడు టైపుగా వచ్చింది మాత్రం 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ విడుదల చేసిన క్లారెండన్. నిఘంటువుల్లో ఆరోపాలకు, అంటే అర్థానికి ముందు ఇచ్చే మాటలకు, అది బాగా పనికొచ్చింది. దానికి సెరిఫ్‌లు ఉన్నాయి, అవీ మందంగా. ముగ్గురు బంధువులూ వేర్వేరు కాలాల్లో విడివిడిగా పెరిగి చాలా ఆలస్యంగా ఒక ఇంట్లో కలిశారన్నమాట.

ఆ ఇంటి నక్షాను అందరికంటే శుభ్రంగా గీసింది అడ్రియన్ ఫ్రుటిగర్. 1957లో వచ్చిన ఆయన యూనివర్స్ ఫాంటుకు మొదటి నుంచే 21 రూపాలున్నాయి. పేర్ల గొడవ లేకుండా వాటికి అంకెలు పెట్టాడు. మొదటి అంకె మందం చెబుతుంది, రెండోది వెడల్పునూ వాలునూ చెబుతుంది. 55 మామూలు అక్షరం, 56 దాని వాలు రూపం, 65 బొద్దుది, 66 బొద్దుగా వాలినది. రెండో అంకె సరిసంఖ్య అయితే అక్షరం వాలి ఉంటుంది. అంతకుముందు టైపు ఫౌండ్రీలలో, అంటే అక్షరాలు పోతపోసే కంపెనీల్లో, పద్ధతి వేరు. ఒక సాన్స్ సెరిఫ్ బాగా అమ్ముడుపోతే దానికి బోల్డ్ చేర్చేవారు, గిరాకీ ఉంటే వాలు చేర్చేవారు, బొద్దు వాలు దాకా వచ్చేసరికి డబ్బులూ ఓపికా అయిపోయేవి. ఫ్రుటిగర్ గళ్లలో 66వ గది మొదటి రోజు నుంచే ఉంది. తరువాత వర్డ్ ప్రాసెసర్లు వచ్చి, మామూలు, వాలు, బొద్దు, బొద్దువాలు అనే నలుగురినీ ఒక కుటుంబంగా కట్టేశాయి. నలుగురూ లేకపోతే ఆ ఫాంటు ఆఫీసు పనికి రాదన్న భావన అక్కడ స్థిరపడింది. నాలుగో రూపం అవసరమా అని ఎవరూ అడగలేదు. గది ఉంది కాబట్టి ఎవరో ఒకరు నింపవలసి వచ్చింది.

ఇప్పుడు కొంచెం దగ్గరకు వెళదాం. వెనక వరుసలో వాళ్లకు కనిపిస్తోందా? సరే. ఇది ఇంగ్లిష్ లిపిలోని పెద్ద 'ఎక్స్' అక్షరం. ఇక ముందు నేను చెప్పే 'ఓ', 'ఈ', 'ఏ' కూడా ఇంగ్లిష్ అక్షరాలే. రెండు ఏటవాలు గీతలు, రెండూ ఒకే మందం. దీన్ని 12 డిగ్రీలు కుడికి వాలుస్తున్నాను. హెల్వెటికా అనే సాన్స్ సెరిఫ్ ఫాంటు వాలు కూడా ఇంతే. 12 డిగ్రీలంటే సుమారుగా ఐదు పాళ్లు పైకి వెళితే ఒక పాలు పక్కకు జరగడం. అక్షరం ఎత్తు 700 యూనిట్లయితే నెత్తి దాదాపు 149 యూనిట్లు కుడికి జరుగుతుంది, పాదం కదలదు.

ఏం జరిగిందో చూడండి. ఎడమ నుంచి కుడికి పైకెక్కే గీత మరింత పడుకుని పొడవయింది. రెండో గీత లేచి నిలబడి పొట్టిదయింది. ఇలా వాల్చడంలో వైశాల్యం మారదు. కాబట్టి పొడవైన గీత సన్నబడక తప్పదు, పొట్టిదైన గీత లావెక్కక తప్పదు. మొదట ఆ గీతలు అడ్డంగా ఉన్న గీతతో 60 డిగ్రీల కోణం చేస్తున్నాయనుకుంటే, ఒకటి 9 శాతం సన్నబడింది, రెండోది 8 శాతం లావెక్కింది. గుండ్రటి 'ఓ' తీసుకుంటే అది ఇంకోలా చెడుతుంది. పైన కుడి మూలలోనూ కింద ఎడమ మూలలోనూ నలుపు పేరుకుంటుంది. మిగతా రెండు మూలలు పలచబడతాయి. నిలువు గీతలు కూడా ఓ 2 శాతం తగ్గుతాయి. అది పెద్ద లెక్కలోకి రాదు.

సన్నటి ఫాంటులో గీత మందం 40 యూనిట్లనుకోండి. అందులో 9 శాతమంటే 4 యూనిట్లు కూడా రాదు, కంటికి ఆనదు. బోల్డ్‌లో గీత 150 యూనిట్లుంటుంది. అక్కడ ఒక గీత 14 యూనిట్లు తగ్గి, దాన్ని దాటుకుంటూ వెళ్లే గీత 13 యూనిట్లు పెరిగితే, ఆ 27 యూనిట్ల తేడా గోడ మీది పోస్టర్‌లో అంత దూరం నుంచి కనబడుతుంది. ఎందుకు బాగాలేదో చూసేవాళ్లు చెప్పలేరు. ఏదో వంకర అని మాత్రం తెలుస్తుంది. అందుకే అక్షరాలు గీసేవాళ్లు బోల్డ్ ఇటాలిక్‌ను యంత్రంతో వాల్చి వదిలేయరు. వాల్చిన తరువాత ప్రతి వంపునూ చేత్తో సరిదిద్దుతారు. ఆ సరిదిద్దడంలోనే నెలలు గడిచిపోతాయి.

బొద్దుతనం తెచ్చే చిక్కు మరొకటి. అక్షరం లావెక్కేకొద్దీ లోపలి తెలుపు తగ్గుతుంది. చిన్న 'ఈ' అక్షరంలో పైన ఉండే కన్ను, చిన్న 'ఏ' కింది బొజ్జ, ఇవి ముందు పూడుకుపోతాయి. గీత బయటికే పెరిగితే అక్షరం వెడల్పవుతుంది, లోపలికే పెరిగితే కన్ను మూసుకుపోతుంది. అందుకని అక్షరంలో అడ్డంగా పడుకున్న గీతలను నిలువు గీతలకంటే కాస్త సన్నగా ఉంచుతారు. చిన్న అక్షరాల ఎత్తును రవంత పెంచుతారు. నిలువు గీతలో నుంచి కమాను బయలుదేరే చోట, 'ఎన్', 'ఎమ్' భుజాల దగ్గర, గీతను కోసి పలచన చేస్తారు. లేకపోతే అక్కడ ఒక నల్లటి ముద్ద తయారవుతుంది. సిరా వ్యాపించే చౌక కాగితం మీద ఇది మరీ ఎక్కువ. 1970లలో మాథ్యూ కార్టర్ అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం గీసిన బెల్ సెంటెనియల్‌లో కీళ్ల దగ్గర లోతైన గాట్లు కనిపిస్తాయి. పెద్దది చేసి చూస్తే ఎలుకలు కొరికినట్టుంటుంది. అచ్చులో ఆ గాట్లలోకి సిరా చేరి అక్షరం శుభ్రంగా వస్తుంది.

వాలినప్పుడు ఈ కీళ్లు ఎడమవైపు ఒకలాగా, కుడివైపు ఒకలాగా మూసుకుంటాయి. అంటే బోల్డ్ కోసం చేసిన సర్దుబాటు బోల్డ్ ఇటాలిక్‌కు సరిపోదు, ఇటాలిక్ కోసం చేసినదీ సరిపోదు. నాలుగో రూపాన్ని మూడోదాని నుంచో రెండోదాని నుంచో లెక్కకట్టి తీయలేం. విడిగా గీయాలి.

తెర మీద ఇంకో ఇబ్బంది. పాత తెరలు గుర్తున్నవాళ్లకు ఇది తెలుసు. 12 పిక్సెళ్ల అక్షరంలో చిన్న అక్షరం ఎత్తు 6 పిక్సెళ్లు. 12 డిగ్రీల వాలంటే ఆ ఎత్తుకు పిక్సెల్‌కు కాస్త పైన జరగాలి. అంటే పై సగాన్ని ఒక్క పిక్సెల్ కుడికి జరిపితే అయిపోయింది! అది వాలులా ఉండదు, మెట్టులా ఉంటుంది. సన్నటి ఇటాలిక్‌లో ఆ మెట్టు దగ్గర గీత తెగినట్టు కనిపించేది. బోల్డ్‌లో గీత రెండు పిక్సెళ్ల మందం కాబట్టి పై సగం కింది సగాన్ని పట్టుకునే ఉండేది. ఆ రోజుల్లో తెర మీద ఇటాలిక్ కంటే బోల్డ్ ఇటాలిక్‌ను చదవడం తేలికగా ఉండడానికి కారణం ఇదే. 1996లో మైక్రోసాఫ్ట్ కోసం కార్టరే గీసిన వెర్డానా ఇలాంటి పిక్సెళ్ల లెక్కతో మొదలైన ఫాంటు. ఇప్పటి తెరల మీద పిక్సెల్ కంటికి కనిపించదు కాబట్టి ఈ బాధ దాదాపు తీరింది.

ఇక వాలులో రెండు రకాలున్నాయి. ఒకటి నిటారు అక్షరాన్నే వాల్చి సరిదిద్దడం. దాన్ని ఆబ్లిక్ అంటారు. హెల్వెటికా, యూనివర్స్, ఫ్యూచురా ఈ దారిలో నడిచాయి. రెండోది ఆకారాన్నే మార్చడం. నిటారు రూపంలో పైన కొక్కెం, కింద బొజ్జ ఉన్న చిన్న 'ఏ' వాలు రూపంలో కొక్కెం వదిలేసి చేతిరాతలో రాసినట్టు ఒక్క గుండ్రంగా మారుతుంది. 1928 నాటి గిల్ సాన్స్‌లో, 1993లో మార్టిన్ మయోర్ గీసిన స్కాలా సాన్స్‌లో ఇది చూడవచ్చు. 1926లో స్టాన్లీ మారిసన్ అనే అచ్చు పండితుడు పుస్తకాల టైపుకు కూడా చేతిరాత వాసన లేని, ఉత్త వాలు రూపమే ఆదర్శమని వాదించాడు. సెరిఫ్ టైపుల విషయంలో ఆ వాదన నిలవలేదు. సాన్స్ సెరిఫ్‌లు మాత్రం చాలా వరకు అటే వెళ్లాయి.

నా అభిప్రాయం అడిగితే, పుస్తకంలో వాక్యం మధ్య వాడేటప్పుడు ఆకారం మారిన ఇటాలిక్ మేలు. 12 డిగ్రీలు వాలడం ఒక్కటే తేడా అయితే, వేగంగా చదివే కన్ను దాన్ని దాటిపోతుంది. పెద్ద పోస్టర్‌లో, ఒక్క మాటగా, బొద్దుగా వాడేటప్పుడు ఆబ్లిక్ మేలు. అక్కడ చేతిరాత గుర్తుకు రాకూడదు.

రెండు మీటల సంగతి ఇప్పుడు చెబుతాను. మీరు ఎంచుకున్న ఫాంటులో బోల్డ్ ఇటాలిక్ లేదనుకోండి. చాలా ప్రోగ్రాములు లేదని చెప్పవు. ఉన్నదాన్ని వాల్చి, అంచులకు మందం పూసి, అదేదో ఇదే అన్నట్టు ఇచ్చేస్తాయి. వెబ్ బ్రౌజర్లూ ఇదే పని చేస్తాయి. వెబ్ పేజీల నియమాల్లో కోణం చెప్పకపోతే ఆబ్లిక్ వాలు 14 డిగ్రీలని రాసి ఉంది. ఇలాంటి నకిలీని ఆపేయమని పేజీ తయారుచేసేవాళ్లు ఆదేశించే వీలు కూడా ఉంది. దాన్ని వాడేవాళ్లు తక్కువ. నకిలీని పట్టుకోవడం కష్టమేమీ కాదు. 'ఎక్స్' చూడండి, గీతలు సమానంగా లేకపోతే అనుమానించండి. 'ఈ' కన్ను మూసుకుపోయిందా చూడండి. అక్షరాల మధ్య ఖాళీ నిటారు రూపంలో ఉన్నంతే ఉండి, అక్షరాలు మాత్రం లావెక్కి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయా చూడండి. ఈ మూడూ కనిపిస్తే అది ఎవరూ గీసిన అక్షరం కాదు.

ఇప్పుడు వాడకంలోకి వద్దాం. ముందు ఒంటరిగా నిలబడే సందర్భం. ఆటల దుస్తులు, పోటీ కార్లు, సామాను చేరవేసే కంపెనీలు, శక్తి పానీయాలు, తగ్గింపు ధరల ప్రకటనలు. ఎక్కడ చూసినా మందపాటి, కొసలు లేని, ముందుకు వాలిన పెద్ద అక్షరాలే. నైకీ తన పేరును చాలా ఏళ్లు ఫ్యూచురా బోల్డ్ వాలు రూపంలో రాసింది.

వాలితే వేగం అని మనకు ఎందుకనిపిస్తుంది? పరుగెత్తే మనిషి ముందుకు వాలతాడన్నది ఒక జవాబు. నాకు ఇంకా నచ్చే జవాబు కెమెరాలో ఉంది. 1910ల తొలినాళ్లలో జాక్ హెన్రీ లార్టీగ్ అనే ఫ్రెంచి యువకుడు కారు పందేన్ని ఫొటో తీశాడు. అతని కెమెరా షట్టర్ ఒక సన్నటి చీలిక. అది చిత్రం పడే పలకను కొస నుంచి కొసకు కొంత సేపు తీసుకుని దాటుతుంది. ఆ కొంత సేపట్లో కారు ముందుకు జరిగిపోయింది. అతను కెమెరాను కారుతోపాటు తిప్పాడు గాని కారంత వేగంగా తిప్పలేకపోయాడు. ఫలితంగా చక్రం గుండ్రంగా రాలేదు, ముందుకు వాలిన కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. వెనక నిలబడ్డ జనమూ స్తంభాలూ వెనక్కి వాలిపోయారు. కార్టూన్లలో పరుగెత్తే బండి చక్రాలను వాల్చి గీయడం ఎప్పుడైనా గమనించారా? షట్టర్ చేసిన ఆ వంకరకూ దానికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇందాక మనం వాల్చిన 'ఓ' అక్షరాన్ని ఆ చక్రం పక్కన పెట్టి చూడండి. రెండింటికీ ఆకారం ఒకటే. యంత్రం వాల్చిన 'ఓ' అక్షరంగా తప్పు, చక్రంగా ఒప్పు!

ఇందులో ఒక తమాషా ఉంది. వాలిన పేరును బండికి రెండు పక్కలా రాస్తారు. కుడి పక్క నుంచి చూసేవాళ్లకు బండి ముందు భాగం వాళ్ల కుడివైపు ఉంటుంది, అక్షరాలూ అటే వాలి ఉంటాయి, అంతా బాగుంటుంది. ఎడమ పక్క నుంచి చూడండి. బండి ఎడమకు వెళుతోంది, అక్షరాలు కుడికి వాలి ఉన్నాయి. అంటే బండి వేగానికి వెనక్కి పడిపోతున్నట్టు! (సభలో నవ్వులు) మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడి మనకు ముందు. అక్షరానికి ఆ ముందు ఒక్కటే తెలుసు, బండి ఎటు వెళుతోందో తెలియదు.

వేగంతో పనిలేని ఒంటరి వాడకం కూడా ఒకటి ఉంది. అమెరికా చిత్రకారిణి బార్బరా క్రూగర్ పత్రికల్లో పేజీలు అమర్చే పని చేసి వచ్చిన మనిషి. నలుపు తెలుపు ఫొటోల మీద ఎర్రటి పట్టీ, ఆ పట్టీ మీద తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్. ఆమె చిన్న చిన్న వాక్యాలు చూసేవాడిని నిలదీస్తాయి. అక్కడ వాలు పరుగు కాదు, మీదికి వంగి మాట్లాడడం. 1994లో న్యూయార్క్‌లో మొదలైన సుప్రీమ్ అనే దుస్తుల కంపెనీ అదే ఎరుపు, అదే తెలుపు, ఫ్యూచురా హెవీ ఆబ్లిక్‌తో తన గుర్తు చేసుకుంది. వ్యాపార ప్రకటనల గొంతును ఆమె ఎగతాళి కోసం అరువు తెచ్చుకుంది. ఆ ఎగతాళి మళ్లీ వ్యాపారానికే గొంతయింది. అక్షరానికి ఈ గొడవ పట్టదు, రెండు చోట్లా అదే ఒంపుతో నిలబడింది.

ఇప్పుడు పక్కన నిటారు అక్షరాలున్నప్పుడు. పుస్తకాల పనిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతి వింటే చాలు. బోల్డ్ ఇటాలిక్‌కు నికరమైన పని 'ఇంకా గట్టిగా చెప్పడం' కాదు. బోల్డ్‌లో ఉన్న శీర్షికలో ఇటాలిక్ రావలసిన మాట వస్తే, దాన్ని పట్టుకోవడం. వరి మీద ఒక వ్యాసం ఉందనుకోండి. శీర్షిక బోల్డ్‌లో ఉంది. అందులో ఒరైజా సటైవా అనే శాస్త్రీయ నామం లాటిన్ లిపిలో వస్తుంది. ప్రజాతి, జాతి పేర్లు వాలాలన్నది జీవశాస్త్రంలో స్థిరపడిన పద్ధతి. శీర్షిక కాబట్టి బొద్దుగా, శాస్త్రీయ నామం కాబట్టి వాలుగా. అక్కడ రెండు గుణాలకూ రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఏదీ అలంకారం కాదు. పేజీలో బోల్డ్ ఇటాలిక్ కనబడినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఇదే. బొద్దుకు కారణమేమిటి, వాలుకు కారణమేమిటి? రెండింటికీ ఒకే జవాబు వస్తే, అంటే 'ఇది ముఖ్యం' అన్నదే వస్తే, ఒకటి తీసేయవచ్చు.

ఇక పేరా మొత్తం బోల్డ్ ఇటాలిక్‌లో వేసినవాళ్లతో నాకు మాటలు లేవు. పక్కన నిటారుగా ఏమీ లేనప్పుడు 'నేను వేరు' అని ఎవరికి చెబుతుంది? కన్నుకు అలసట తప్ప మరేమీ మిగలదు. చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ ఇచ్చే సూచనల్లో కూడా నొక్కి చెప్పడానికి బోల్డ్ వాడండి, ఇటాలిక్ వద్దు అనే ఉంది. హెచ్చరికలను బోల్డ్ ఇటాలిక్‌లో పేరాలకు పేరాలు వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. తప్పక చదవవలసినదాన్ని చదవలేకుండా చేయడమంటే అదే.

కామిక్స్‌ది వేరే సంప్రదాయం. బుడగల్లో అక్షరాలన్నీ పెద్దవే, సాన్స్ సెరిఫ్ చేతిరాతే. పాత్ర ఒక మాటను ఒత్తి పలికితే ఆ మాట బొద్దుగా వాలుతుంది. ప్రతి బుడగలో ఒకటో రెండో. అక్కడ అది గొంతు ఎక్కడ లేచిందో చూపే గుర్తు, చూడడానికి కూడా ముచ్చటగా ఉంటుంది. పటాల్లో నదులు, సముద్రాల పేర్లు వాలుగా రాసే ఆనవాయితీ ఉంది. నీలం రంగు లేని పటంలో కూడా ఆ వాలును బట్టి అది నీరని తెలుస్తుంది. మహాసముద్రం పేరు పెద్దగా, ఒక్కోసారి బొద్దుగా వాలుతుంది.

మూడో పని చెబుతానన్నాను. గణితంలో, భౌతికశాస్త్రంలో ఈ అక్షరం అలంకారమూ కాదు, ఒత్తిడీ కాదు. అర్థం. పెద్ద 'టీ' అక్షరాన్ని తీసుకోండి. సన్నగా నిటారుగా ఉంటే టెస్లా, అయస్కాంత క్షేత్రానికి వాడే ప్రమాణం. సన్నగా వాలితే ఉష్ణోగ్రత, అంటే ఒక అదిశ రాశి. బొద్దుగా వాలి, కొసలకు సెరిఫ్‌లుంటే సదిశ. బొద్దుగా వాలి, సెరిఫ్‌లు లేకపోతే టెన్సర్. ఒక ఘనపదార్థం లోపల ఏ తలం మీద ఏ దిశలో ఎంత బలం పడుతోందో చెప్పే ప్రతిబలం లాంటి రాశి అన్నమాట. ఇది ఎవరి ఇష్టమో కాదు, ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 80000 వరుస రెండో భాగంలో ఉన్న పద్ధతి. కొసన ఉన్న చిన్న అడ్డగీత తీసేస్తే సదిశ టెన్సర్ అయిపోతుంది. ఇంత బరువైన బాధ్యత మోసే అడ్డగీత మరో చోట ఉందా? నల్లబల్ల మీద సుద్దముక్కతో ఈ తేడా చూపడం అసాధ్యం కాబట్టి టెన్సర్ నెత్తి మీద రెండు బాణాలు వేసుకోవడానికి అనుమతి ఉంది.

ఇలా అర్థం మారిపోతుంది కాబట్టే, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణం వీటిని విడి అక్షరాలుగా గుర్తించింది. 2001లో వచ్చిన 3.1 రూపంలో గణిత అక్షరాల విభాగం చేరింది. అందులో సాన్స్ సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్‌కు 52 లాటిన్ అక్షరాలు, పెద్దవి 26, చిన్నవి 26. గ్రీకువి అదనం. అంకెలు మాత్రం లేవు. సమీకరణంలో అంకెలు నిటారుగానే ఉంటాయి కాబట్టి వాటిని వాల్చే అవసరం ఎవరికీ రాలేదు.

ఈ 52 అక్షరాలను ఇప్పుడు ఎవరు ఎక్కువగా వాడుతున్నారో మీకు తెలుసు. గణితవేత్తలు కాదు. చాలా సామాజిక మాధ్యమాల్లో అందరికీ బోల్డ్ మీట ఉండదు. అందుకని మామూలు అక్షరాలిస్తే గణిత అక్షరాలుగా మార్చి ఇచ్చే పేజీలు పుట్టుకొచ్చాయి. మీ పేరు అక్కడ వేస్తే బొద్దుగా, వాలుగా తిరిగి వస్తుంది. చూడడానికి బాగానే ఉంటుంది. చూపు లేనివాళ్లు ఫోనులో ఆ పేరును వినబోతే, కొన్ని స్క్రీన్ రీడర్లు 'గణిత సాన్స్ సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్ పెద్ద ఏ' అంటూ ఒక్కో అక్షరానికీ ఇంత వరుస చదువుతాయి. పది అక్షరాల పేరయితే పదిసార్లు. కొన్ని అసలు చదవకుండా దాటేస్తాయి. వెతుకులాటలో కూడా ఆ పేరు చాలా చోట్ల దొరకదు. కంప్యూటర్ దృష్టిలో అది పేరే కాదు, పది టెన్సర్ల వరుస. (నవ్వులు) ఫోన్ నంబరు కూడా అదే తీరులో వాల్చాలని ప్రయత్నించినవాళ్లకు అంకెలు నిటారుగానే ఎందుకు మిగిలిపోయాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఒకరు చీటీ పంపారు. తెలుగు అక్షరాల సంగతేమిటని. చిన్నగా చెబుతాను. మన లిపికి వాలు రూపం సంప్రదాయంగా రాలేదు, సాఫ్ట్‌వేర్ ద్వారా వచ్చింది. వాల్చేటప్పుడు కదలకుండా ఉండేది అక్షరాల పాదాల గీత. దానికి పైన ఉన్నవి కుడికి జరుగుతాయి, కింద ఉన్నవి ఎడమకు జరుగుతాయి. లాటిన్‌లో కిందికి దిగే అక్షరాలు కొన్నే. మనకు ఒత్తులు చాలావరకు కిందే. కాబట్టి గుడి కుడికి పోతుంది, ఒత్తు ఎడమకు పోతుంది, ఒక్కోసారి ముందు అక్షరం కింద దూరుతుంది. బొద్దు చేస్తే 'ప'కూ 'వ'కూ తేడా చూపే ఆ చిన్న ఖాళీ పూడుకుపోతుంది. రెండూ కలిపి చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తెలుగులో నొక్కి చెప్పాలంటే బోల్డ్ చాలు, అదీ గీసి ఇచ్చిన బోల్డ్. శీర్షికకు వాలు కావాలనుకుంటే అక్షరాలు గీసేవాళ్ల చేత ఆ మాటలను గీయించుకోండి.

ఇంకో చీటీ. బోల్డ్ ఇటాలిక్ మాట తరువాత వచ్చే కామా, ఆవరణ గుర్తు (బ్రాకెట్) ఏ రూపంలో ఉండాలి? మంచి ప్రశ్న, దీని మీద అచ్చు పనివాళ్లలో తరాలుగా తగాదా ఉంది. పాత పద్ధతిలో కామా ముందున్న మాటను అనుసరించేది. నల్లటి మాట పక్కన సన్నటి కామా వెలవెలబోతుందని వాళ్ల వాదన. కొత్త పద్ధతిలో కామా వాక్యానిది కాబట్టి వాక్యం రూపంలోనే ఉండాలి. సాన్స్ సెరిఫ్‌లో నేను పాత పద్ధతికే ఓటేస్తాను, ఎందుకంటే బొద్దు మాట పక్కన సన్న కామా నిజంగానే కనబడదు. ఆవరణ గుర్తుల విషయంలో మాత్రం తిరగబడతాను. తెరిచినది నిటారుగా ఉంటే మూసేదీ నిటారుగానే ఉండాలి. అప్పుడు వాలిన 'ఎఫ్' తల వెళ్లి ఆ ఆవరణ గుర్తుకు తగులుతుంది. తగిలితే మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ పెట్టండి. ఏ ప్రోగ్రామూ దాన్ని ప్రతిసారీ సరిగ్గా పెట్టదు. పెద్ద శీర్షికల్లో అయితే చూసుకుని మీరే పెట్టుకోవాలి.

టైము అయిపోయిందని నిర్వాహకులు చెయ్యి ఊపుతున్నారు. మిగతా చీటీలకు బయట జవాబు చెబుతాను. నమస్కారం.